హార్డ్‌వేర్ వాలెట్: తాళంచెవి ఎవరి దగ్గర?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు మూడు షరతులు పెట్టారు. నలభై నిమిషాలు దాటకూడదు, భోజనాల వేళకు ముగించాలి, లెక్కలు చెప్పకూడదు. మొదటి రెండూ పాటిస్తాను. మూడోది మాత్రం మన లెక్కల సారు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి ఒక్కచోట తప్పుతాను.

ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానంటే, మన టీచర్ గారొకరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. వాళ్లబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ లాంటిదొకటి బీరువాలో పెట్టి, "అమ్మా, ఇందులో క్రిప్టో ఉంది, జాగ్రత్త" అని చెప్పి వెళ్లాడట. "అది ఎలుక కొట్టేస్తే డబ్బు పోయినట్టేనా నాయనా?" అన్నారావిడ. ఇంత సూటిగా నన్ను ఏ ఇంజినీరూ అడగలేదు. జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు గానీ, అది ఎందుకలాగో తెలియకపోతే ఆ జవాబు ఉపయోగపడదు.

ముందే ఒక మాట. క్రిప్టో కొనమని నేను ఎవరికీ చెప్పడం లేదు. రిటైర్మెంటు డబ్బు, పిల్లల పెళ్లికి దాచిన డబ్బు అందులో పెట్టవద్దనే చెబుతాను. కానీ మనలో కొందరి దగ్గర ఇప్పటికే ఉంది. మరి కొందరి పిల్లల దగ్గర ఉంది. ఉన్నదాన్ని ఎలా కాపాడుకోవాలన్నదే నా విషయం.

బిట్‌కాయిన్ గానీ ఈథర్ గానీ ఏ పెట్టెలోనూ ఉండదు. ఎవరి దగ్గర ఎంత ఉందన్నది రాసిన ఖాతా పుస్తకం ఒకటి ప్రపంచవ్యాప్తంగా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. దాన్ని ఎవరైనా చదవచ్చు. కానీ మీ పద్దులోంచి ఇంకొకరి పద్దులోకి మార్చాలంటే మీ సంతకం కావాలి. ఆ సంతకం చేయగలిగేది ఒక పెద్ద రహస్య సంఖ్య. దాన్నే ప్రైవేట్ కీ అంటారు, మనం తాళంచెవి అనుకుందాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే డబ్బు వాళ్లదే. కోర్టు కాగితం గానీ, ఆధార్ కార్డు గానీ, "అయ్యో నాది" అన్న ఏడుపు గానీ ఆ ఖాతా పుస్తకానికి వినపడవు.

మన దేశంలో చాలామంది ఎక్స్ఛేంజీ యాప్‌లో కొని అక్కడే ఉంచేస్తారు. అప్పుడు తాళంచెవి ఎక్స్ఛేంజీ వాళ్ల దగ్గర ఉంటుంది. మన దగ్గర ఉండేది యాప్‌లో కనిపించే అంకె మాత్రమే. మన పేట వాళ్లకు ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడికి దగ్గరలోనే కింగ్ కోఠీ. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య రోజుల్లో, నిజాం తాలూకు సుమారు పది లక్షల పౌండ్లు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా ఖాతాలోకి వెళ్లాయి. కొద్ది రోజుల్లోనే ఉస్మాన్ అలీఖాన్ వెనక్కి ఇమ్మన్నారు. ఖాతా ఇంకొకరి పేరు మీద ఉంది కాబట్టి బ్యాంకు ఇవ్వలేదు. లండన్ హైకోర్టు తీర్పు వచ్చింది 2019 అక్టోబరులో. అప్పటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది, నిజాం పోయి యాభై రెండేళ్లయింది. ఆయనకు కోర్టు అయినా ఉంది.

ఇక మన కాలానికి వద్దాం. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు మన తెలంగాణలో ఎంత ఘోరంగా నడిచాయో మీకు గుర్తుంది. ఆ కేసుల నుంచి మొదలైన దర్యాప్తులోనే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ వారి హైదరాబాద్ కార్యాలయం, అంటే మన బషీర్‌బాగ్‌లో ఉన్నదే, 2022 ఆగస్టులో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీని నడిపే జన్మాయ్ ల్యాబ్ బ్యాంకు ఖాతాల్లోని 64.67 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది. మరుసటి నెలలో ఆ ఖాతాలు తెరుచుకున్నాయని కంపెనీ చెప్పింది. ఖాతాదారుల సొమ్ముకు అప్పుడేం కాలేదు. కానీ చాలామందికి మొదటిసారి తట్టింది: వాళ్లకు కష్టమొస్తే నా అంకె ఏమవుతుంది?

దానికి జవాబు 2024 జూలై 18న వచ్చింది. అదే వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, మన లెక్కలో దాదాపు రెండు వేల కోట్ల రూపాయల క్రిప్టో ఒక్క రోజులో ఎవరో ఎత్తుకుపోయారు. ఖాతాదారులు తమ క్రిప్టోను బయటికి తీసుకోకుండా ఆగిపోయింది. సింగపూర్ కోర్టులో వ్యవహారం నడిచి, 2025 అక్టోబరులో గానీ మళ్లీ తలుపులు తెరుచుకోలేదు. అదీ మొత్తం సొమ్ముతో కాదు. 2001లో కృషి బ్యాంకు ముందు క్యూలో నిలబడ్డవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. అప్పుడు కనీసం డిపాజిట్ ఇన్సూరెన్సు అనేది ఒకటి ఉంది. క్రిప్టోకు అదీ లేదు.

అందుకని కొందరు తాళంచెవి తమ దగ్గరే ఉంచుకుంటారు. అలా ఉంచుకునే పరికరమే హార్డ్‌వేర్ వాలెట్. చెక్ దేశంలోని ప్రాగ్ నగరానికి చెందిన సతోషీల్యాబ్స్ వారు 2014లో ట్రెజర్ పేరుతో మొదటిది అమ్మారు. అదే ఏడాది ఫ్రాన్సులో లెడ్జర్ కంపెనీ మొదలైంది. ఇప్పుడు ఇంకా చాలా ఉన్నాయి. పని మాత్రం అన్నిటిదీ ఒకటే. తాళంచెవి ఆ చిన్న పరికరంలోనే పుడుతుంది, అక్కడే ఉంటుంది, బయటికి రాదు. మీ కంప్యూటరో ఫోనో "ఇంత సొమ్ము ఫలానా చిరునామాకు పంపాలి" అని ఒక కాగితం లోపలికి పంపుతుంది. పరికరం తన చిన్న తెర మీద దాన్ని చూపిస్తుంది. మీరు బటన్ నొక్కితే సంతకం చేసి, ఆ సంతకాన్ని మాత్రం బయటికి పంపుతుంది. కంప్యూటర్ నిండా వైరస్ ఉన్నా తాళంచెవి దానికి చిక్కదు. పాత రోజుల్లో హెడ్మాస్టరు గారు రబ్బరు స్టాంపు తన సొరుగులో పెట్టి, కాగితాలు మాత్రం గదిలోకి తెప్పించుకునేవారు చూడండి, అలాగ.

మరి ఆ పరికరం పోతే? మన టీచర్ గారి ప్రశ్న ఇక్కడికి వస్తుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు పరికరం 12 గానీ 20 గానీ 24 గానీ ఇంగ్లీషు పదాలు చూపించి రాసుకోమంటుంది. ఆ పదాలే అసలు తాళంచెవి. పరికరాన్ని ఎలుక కొట్టినా, పప్పు డబ్బాలో పడి పోయినా, కొత్తది కొని ఆ పదాలు వరసగా ఎక్కిస్తే మొత్తం తిరిగి వస్తుంది. ఆ పదాలు ఇంకొకరి కంట పడితే మాత్రం, పరికరం బ్యాంకు లాకరులో ఉన్నా డబ్బు పోతుంది. కాబట్టి అమ్మా, బీరువాలో ఉన్నది పోయినా డబ్బు పోదు. మీరు అబ్బాయిని అడగాల్సింది ఒకటే: "కాగితం ఎక్కడుంది?"

ఇప్పుడు ఆ ఒక్క లెక్క. ఈ పద్ధతికి బిప్-39 అని పేరు, 2013లో తయారైంది. పదాల జాబితాలో 2,048 పదాలున్నాయి, అంటే రెండును పదకొండుసార్లు హెచ్చవేసినన్ని. ఒక్కో పదం పదకొండు బిట్లు. ఇరవై నాలుగు పదాలకు 264 బిట్లు. అందులో 256 బిట్లు రహస్య సంఖ్య, మిగిలిన ఎనిమిది సరిచూసే బిట్లు, ఆధార్ నంబరులో చివరి అంకె లాంటివి. అందుకే మీరు పదం తప్పు రాసుకుంటే చాలాసార్లు పరికరమే "ఇది చెల్లదు" అంటుంది. ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కావు, అందువల్ల చేతిరాత కాస్త చెదిరినా పదాన్ని పట్టుకోవచ్చు. జపాను, స్పానిష్, ఫ్రెంచి, కొరియా భాషల్లో జాబితాలున్నాయి. తెలుగులో లేదు. ఉండి ఉంటే బాగుండేది, కానీ ఇప్పటికి ఇంగ్లీషు పదాలనే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ప్రతి పదం పక్కన నంబరు వేసి రాసుకోండి. తెలుగు లిపిలో రాస్తే తర్వాత స్పెల్లింగు దగ్గర చిక్కొస్తుంది.

ఇక మొదలుపెట్టడం. కొనేటప్పుడే సగం జాగ్రత్త. తయారు చేసిన కంపెనీ సొంత సైటు నుంచి, లేదా వాళ్లు తమ సైటులో పేరు ఇచ్చిన అధీకృత విక్రేత నుంచి మాత్రమే కొనండి. మన జగదీశ్ మార్కెట్ మీద నాకు చాలా గౌరవం, అక్కడ బాగుచేయలేని ఫోను లేదు. కానీ ఇది అక్కడ సెకండ్‌హ్యాండులో కొనే వస్తువు కాదు. సీలు సరిగ్గా ఉందని సంతోషపడకండి, సీలు ఎవరైనా అతికించగలరు. పెట్టె తెరిస్తే అందులో పదాలు ముందే రాసి ఉన్న కార్డు కనిపించిందా? అది మోసం. మీకన్నా ముందు ఆ పదాలు తెలిసినవాడు ఒకడున్నాడు. మీరు డబ్బు వేసే దాకా ఆగుతాడు. పదాలు మీ కళ్ల ముందు, పరికరం తెర మీద కొత్తగా పుట్టాలి.

దానితో పాటు వాడే యాప్ విషయంలోనూ అంతే. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేది ప్రకటన కావచ్చు. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోరులోనే లెడ్జర్ వారి యాప్‌లా కనిపించే నకిలీ ఒకటి కూర్చుని ఉంది, దాన్ని నమ్మినవాళ్లు లక్షల డాలర్లు పోగొట్టుకున్నారు. పెట్టెలో ఇచ్చిన చిరునామాను స్వయంగా టైపు చేసి దించుకోండి. పరికరం అసలైనదో కాదో యాప్ ఒక పరీక్ష చేస్తుంది, దాన్ని దాటవేయకండి.

పిన్ పెట్టమంటుంది. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. లెడ్జర్‌లో వరసగా మూడుసార్లు తప్పు పిన్ కొడితే పరికరం తనను తాను చెరిపేసుకుంటుంది. ట్రెజర్ అంతకన్నా ఎక్కువసార్లు, ప్రతిసారీ మరింత ఆలస్యం చేస్తూ, ఓపిక పడుతుంది. పరికరం దొంగ చేతిలో పడినప్పుడు మీకు దొరికే సమయం ఇదే. పిన్ మరిచిపోయినా భయం లేదు, పదాలున్నాయి కదా.

పదాలను కాగితం మీద పెన్నుతో రాయండి. ఫోటో తీయకండి. ఫోటో తీసిన మరుక్షణం అది క్లౌడులోకి వెళ్తుంది. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకండి. ఈమెయిల్ డ్రాఫ్టులో దాచకండి. మా ఆఫీసులో కుర్రాడొకడు "సార్, ఎక్సెల్‌లో పెట్టి పాస్‌వర్డు వేశా" అన్నాడు. ఆ ఫైలు ఉన్న ల్యాప్‌టాప్ మీదే అతను సినిమాలు దొంగగా దించుకుంటాడు. కీబోర్డు మీద ఆ పదాలు ఎక్కడా టైపు చేయకూడదు, పరికరం బటన్ల మీద తప్ప.

రెండు ప్రతులు రాసి రెండు చోట్ల ఉంచండి. ఒకే ఇంట్లో రెండు గదులు రెండు చోట్లు కావు. చెదలు, తడి, నిప్పు, మూడింటినీ ఊహించుకోండి. 2020 అక్టోబరు వానల్లో మన నగరంలో ఎన్ని ఇళ్ల కింది అంతస్తులు మునిగాయో చూశాం. స్టీలు రేకు మీద అక్షరాలు కొట్టుకునే కిట్లు దొరుకుతాయి, కాస్త పెద్ద మొత్తమైతే పెట్టదగ్గ ఖర్చే. బ్యాంకు లాకరు మంచి చోటే, కానీ అక్కడ ఏదైనా జరిగితే బ్యాంకు బాధ్యత ఏటా కట్టే అద్దెకు వంద రెట్ల వరకేనని రిజర్వు బ్యాంకు నిబంధన. కాగితాన్ని రెండు ముక్కలు చేసి పన్నెండు పదాలు ఇక్కడ, పన్నెండు అక్కడ పెట్టడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ కాదు. ఒక ముక్క పోతే మొత్తం పోతుంది. అలా పంచాలనుకుంటే దానికి వేరే పద్ధతి ఉంది, మూడు కార్డుల్లో ఏ రెండు ఉన్నా తెరుచుకునేలా. ట్రెజర్ పరికరాల్లో అది దొరుకుతుంది.

ఇరవై అయిదో పదం అని ఒకటుంది, పాస్‌ఫ్రేజ్ అంటారు. మీరే పెట్టుకునే అదనపు రహస్యం. దానితో జాగ్రత్త. అక్కడ తప్పు పాస్‌ఫ్రేజ్ అనేది ఉండదు. ఏది కొట్టినా ఒక వాలెట్ తెరుచుకుంటుంది, కాకపోతే అది ఖాళీగా ఉంటుంది. ఒక్క పెద్దక్షరం మారినా వేరే వాలెట్. మరిచిపోయే వయసులో ఉన్నవాళ్లకు, అంటే మా బ్యాచ్‌కు, నేనది సిఫారసు చేయను.

అన్నీ అయ్యాక పెద్ద మొత్తం వేసేముందు ఒక పని చేయండి. ఇది చేసేవాళ్లు చాలా తక్కువ. వెయ్యి రూపాయల పాటి క్రిప్టో పంపుకోండి. వచ్చిందని చూసుకోండి. తర్వాత పరికరాన్ని కావాలని చెరిపేయండి. కాగితం చూసి పదాలు ఎక్కించండి. ఆ వెయ్యి మళ్లీ కనిపించిందా? అప్పుడు మీ కాగితం సరైనదని రుజువైంది. మేం ప్లాంటులో బ్యాకప్ జనరేటరును నెలకోసారి నడిపి చూస్తాం. కరెంటు పోయిన రోజు మొదటిసారి నడపడం పరీక్ష కాదు.

ఇప్పుడు అందరూ తేలిగ్గా దాటేసే చోటికి వస్తున్నాను. నిజానికి ఈ ప్రసంగం దీని కోసమే.

వజీర్‌ఎక్స్ దొంగతనం గురించి చెప్పాను కదా. అక్కడ హార్డ్‌వేర్ వాలెట్లు లేవనుకుంటున్నారా? ఉన్నాయి. ఆ సొమ్ము ఒక్కరి సంతకంతో కదిలేది కాదు. ఆరుగురు సంతకందారులు: అయిదుగురు కంపెనీ వాళ్లు, ఒకటి లిమినల్ అనే భద్రతా సంస్థది. కంపెనీ వాళ్లు ముగ్గురు, ఆ తర్వాత లిమినల్ సంతకం చేస్తేనే కదులుతుంది. ఆ ముగ్గురూ లెడ్జర్ పరికరాలతోనే సంతకం చేశారని కంపెనీ చెప్పింది. ఎవరి తాళంచెవీ బయటికి పోయిందని తేలలేదు. తమ కంప్యూటరు తెర మీద ఒకటి కనిపించిందనీ, నిజంగా సంతకమైంది ఇంకొకటనీ వాళ్లు చెప్పారు. సంతకమైన కాగితం ఆ వాలెట్ అజమాయిషీనే దొంగల చేతికిచ్చింది. తప్పు మీదంటే మీదని రెండు సంస్థలూ వాదించుకున్నాయి. ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు కలిసి ప్రకటించాయి.

అది ఒక్కసారితో ఆగలేదు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 150 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడా అనేక సంతకాల వాలెట్. చివరి సంతకం చేసిన కంపెనీ అధిపతి చేతిలోనూ లెడ్జరే. కంప్యూటరులో కనిపించే పేజీని దొంగలు ముందే మార్చేశారు.

దీనికి అసలు కారణం బ్లైండ్ సైనింగ్. కొన్ని లావాదేవీలు, ముఖ్యంగా ఈథీరియం మీద స్మార్ట్ కాంట్రాక్టులతో చేసేవి, పరికరం తెర మీద మనిషికి అర్థమయ్యే మాటల్లో రావు. అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి తోక ఒకటి కనిపిస్తుంది. కంప్యూటరులో చక్కటి వివరం ఉంది కదా అని బటన్ నొక్కేస్తాం. హెడ్మాస్టరు గారి స్టాంపు సొరుగులోనే భద్రంగా ఉంది, కానీ గుమాస్తా తెచ్చిన కాగితాన్ని తిప్పి చూడకుండా ముద్ర కొట్టారు. పరికరం దాని పని అది చేసింది. అది మీ రహస్యాన్ని దాస్తుంది తప్ప, మీరు దేనికి ఒప్పుకుంటున్నారో మీ తరఫున చదివి పెట్టదు.

కాబట్టి కంప్యూటరు తెరను నమ్మకండి, పరికరం తెరను నమ్మండి. సెట్టింగుల్లో బ్లైండ్ సైనింగ్ ఆపి ఉంటే ఆపే ఉంచండి. పరికరం తెర మీద చదివి అర్థం చేసుకోలేనిది ఏదైనా సరే, తిరస్కరించే బటన్ నొక్కండి. తిరస్కరిస్తే ఏమీ పోదు. కొనడం, దాచడం, అమ్మడం మాత్రమే చేసే మనబోటివాళ్లకు స్మార్ట్ కాంట్రాక్టుల జోలికి పోవలసిన అవసరమే చాలా అరుదు. ఉచితంగా టోకెన్లు ఇస్తాం, వాలెట్ కలపండి అనే సైట్లన్నీ అడిగేది ఈ సంతకమే.

డబ్బు తెప్పించుకునేటప్పుడు కూడా చిరునామాను పరికరం తెర మీద సరిచూసుకోవాలి. మీరు కాపీ చేసిన చిరునామాను అతికించే చోట మార్చేసే వైరస్‌లున్నాయి. ఇంకో ఎత్తు కూడా ఉంది. మీరు తరచుగా పంపే చిరునామాకు మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిసేలా ఒకటి తయారు చేసి, దాని నుంచి మీకు పైసా విలువ లేని టోకెను పంపుతారు. తర్వాత మీరు పాత లావాదేవీల్లోంచి కాపీ చేసుకుంటే అది దొరుకుతుందని వాళ్ల ఆశ. కాబట్టి మధ్య అక్షరాలు కూడా చూడండి. పెద్ద మొత్తమైతే ముందు చిన్నది పంపి, చేరిందని తెలిశాకే మిగతాది పంపండి. నెట్‌వర్కు కూడా రెండు వైపులా ఒకటే అయి ఉండాలి. యూఎస్‌డీటీ ఈథీరియం మీదా ఉంది, ట్రాన్ మీదా ఉంది. నాంపల్లిలో ఎక్కాల్సిన రైలు సికింద్రాబాదులో ఎక్కితే టికెట్టు సరిగ్గా ఉన్నా ఏం లాభం?

ఇరవై నాలుగు పదాలు మిమ్మల్ని ఎవరూ అడగరు. కంపెనీ అడగదు, పోలీసు అడగడు, ఇన్‌కమ్‌టాక్స్ వారు అడగరు. అడిగినవాడు దొంగ, ఇందులో మినహాయింపు లేదు. లెడ్జర్ కంపెనీ దగ్గరి నుంచి 2020లో కొనుగోలుదారుల వివరాలు బయటికి పొక్కాయి. పది లక్షల దాకా ఈమెయిళ్లు, సుమారు 2,70,000 మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు. తర్వాత వాళ్లలో కొందరికి పోస్టులో "మీ పాత పరికరం మార్చుకోండి" అంటూ నకిలీ పరికరాలే వచ్చాయి, అచ్చు అసలు పెట్టెలోనే. కాబట్టి ఉత్తరం వచ్చింది కదా, అచ్చయి ఉంది కదా అని నమ్మకండి. పదాలు ఎవరికైనా తెలిశాయన్న అనుమానం వస్తే పిన్ మార్చడం దండగ. వెంటనే కొత్త పదాలతో కొత్త వాలెట్ చేసి సొమ్మంతా అందులోకి మార్చేయాలి. డబ్బు పోతే 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. దొంగ దాన్ని ఎక్స్ఛేంజీకి తెస్తే పట్టుకునే వీలుంటుంది. ముందుగా చేస్తేనే.

మీ దగ్గర ఉందని ఎవరికీ చెప్పకండి. పెళ్లి భోజనాల దగ్గర చెప్పే విషయం కాదిది. లెడ్జర్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరిని 2025 జనవరిలో ఫ్రాన్సులో ఎత్తుకుపోయి, డబ్బు కోసం వేలు నరికారు. పోలీసులు విడిపించారు. ఏ గణితమూ దానికి అడ్డు రాదు.

పన్ను సంగతి త్వరగా చెప్పేస్తాను, ఆడిటర్లు మన సంఘంలోనే నలుగురున్నారు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. ఒకదాంట్లో నష్టం ఇంకోదాని లాభంలో తీసేయడం కుదరదు. అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. ఎక్స్ఛేంజీ నుంచి మీ సొంత వాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు, కానీ ఎప్పుడు, ఎంతకు కొన్నారో ఆ లెక్క మీరే ఉంచుకోవాలి. వాలెట్‌లో ఉన్నంత మాత్రాన ఆయకార్ భవన్ వారికి కనపడదనుకోవడం పొరపాటు. ఆ ఖాతా పుస్తకం అందరికీ తెరిచే ఉందని మొదట్లోనే చెప్పాను. ఇంకో మాట, కొన్ని యాప్‌లు కొననిస్తాయి గానీ క్రిప్టోను బయటికి పంపనివ్వవు. కొనేముందే చూసుకోండి.

ఆఖరిది, మన వయసు వాళ్లకు అన్నిటికన్నా దగ్గరిది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటాడు. ఈ పరికరానికి ఉండడు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఇంటాయన హఠాత్తుగా పోయారు. సొరుగులో పరికరం దొరికింది, ఏ కంపెనీదో కూడా తెలిసింది. పదాల కాగితం మాత్రం ఎక్కడా లేదు. పుస్తకాలన్నీ దులిపారు, దేవుడి గదిలో పటాల వెనక చూశారు. చిరునామా తెలుసు కాబట్టి అందులో ఎంతుందో వాళ్లబ్బాయి ఇప్పటికీ ఫోనులో చూడగలడు. చూడటం వరకే.

అందుకని ఒక ఉత్తరం రాసి వీలునామాతో పాటు పెట్టండి. అందులో పదాలు రాయకండి. ఇలాంటిది ఒకటుందని, పరికరం ఎక్కడుందో, కాగితం ఎక్కడుందో, పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో, కొన్న లెక్కలు ఎక్కడున్నాయో, తెలియకపోతే ఏ బంధువును పక్కన కూర్చోబెట్టుకోవాలో రాయండి. "తొందరపడకండి, సాయం చేస్తామని ఫోన్ చేసేవాళ్లకు పదాలు చెప్పకండి" అని కూడా రాయండి. దుఃఖంలో ఉన్న ఇంటికే అలాంటి ఫోన్లు ఎక్కువ వస్తాయి. ఏడాదికోసారి, రిటర్ను వేసే నెలలో అనుకోండి, ఆ ఉత్తరం తీసి ఇంకా నిజమేనా అని చూసుకోండి. ఇల్లు మారితే, లాకరు మారితే ఉత్తరం మారాలి.

బయట టీ బల్ల పక్కన ఒక పరికరం పెట్టాను. అందులో రూపాయి కూడా లేదు. ఎవరైనా దానికి పిన్ పెట్టి, పదాలు రాసుకుని, మూడుసార్లు తప్పు పిన్ కొట్టి చెరిపేసి, మళ్లీ తెప్పించి చూడొచ్చు. కాగితాలు, పెన్నులు అక్కడే ఉన్నాయి. టీచర్ గారూ, మీరు ముందు రండి.